నాలుగో గుడ్డు: పొట్టి కాళ్ల చాబో కోళ్ల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

పెట్టె మూత తీయగానే ముందు తోకలు కనిపించాయి. నల్లటి తోకలు, తలకంటే ఎత్తుగా నిటారుగా లేచి ఉన్నాయి. తర్వాత తెల్లటి ఒళ్లు, నేలను తాకుతున్న రెక్కల చివర్లు. కాళ్లు మాత్రం ఈకల కింద వెతికితే గానీ కనిపించలేదు.

ఒక పుంజు, మూడు పెట్టలు. నాలుగూ పొట్టి కాళ్లవే. తూకం వేశాను. పుంజు 640 గ్రాములు, పెట్టలు 510, 480, 465. ఎరుపు, పసుపు, నీలం కాలి రింగులు వేశాను, ఇకమీదట వాటి పేర్లు అవే. ఇచ్చిన అన్న మూడు పెట్టలకీ పుంజుతో రక్తసంబంధం లేదని చెప్పాడు. డైరీ మొదటి పేజీలో ఆ సంగతే రాసుకున్నాను.

చాబో జపాన్‌లో కొన్ని శతాబ్దాలుగా పెంచుతున్న జాతి. ఆ పేరు చంపా అనే పాత రాజ్యం పేరు నుంచి వచ్చిందంటారు. ఇప్పటి వియత్నాం మధ్య, దక్షిణ తీరమే ఆ చంపా. చిన్న సైజు కోళ్లను పిలిచే బాంటమ్ అనే మాటేమో జావా దీవిలోని బాంటెన్ రేవు నుంచి వచ్చింది. పెద్ద కోడిని చిన్నది చేసి తయారు చేసిన బాంటమ్‌లు కొన్ని ఉన్నాయి. చాబో అలాంటిది కాదు, దీనికి పెద్ద సైజు రూపమే లేదు.

ఏడాదిలోపు నా దగ్గర పొదిగించిన పిల్లల నుంచి తర్వాతి జతను తయారు చేయాలన్నది లక్ష్యం. కాళ్లు పొట్టిగా, తోక నిటారుగా, ఒళ్లు గట్టిగా ఉండాలి.

9వ రోజు

క్వారంటైన్ దొడ్డిలోనే ఉన్నాయి, 30 రోజులు పూర్తయ్యేదాకా అక్కడే. మామూలు కోళ్లకు సరిపోయే ఏర్పాటు వీటికి చాలదని ఈ వారంలో తెలిసింది. పొట్ట నేలకు అంత దగ్గరగా ఉంటే కింద పరిచింది కాస్త తడిసినా ఈకలు తడిసిపోతాయి. నీళ్ల గిన్నె చుట్టూ ఒలికిన చోట నీలం కూర్చుంది. సాయంత్రానికి రొమ్ము కింద ఈకలన్నీ ముద్ద కట్టాయి. గిన్నెను ఇటుక మీద జాలీ పెట్టి దాని మీదకు మార్చాను. ఒలికిన నీళ్లు జాలీ కిందికి పోతున్నాయి. చెక్క పొట్టు నాలుగు వేళ్ల మందాన వేసి, రెండు రోజులకోసారి తిరగేస్తున్నాను.

దండెం 20 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టాను. అంతకంటే ఎత్తయితే ఎక్కలేవని కాదు, దిగేటప్పుడు రొమ్ము ఎముక నేలకు కొట్టుకుంటుంది.

నీలం కాళ్ల మీద పొలుసులు కొద్దిగా లేచి ఉన్నాయి. పొలుసుల కింద పురుగు దూరితే ఇలాగే అవుతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లతో మెత్తని బ్రష్‌తో కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ మందంగా రాశాను. గాలి ఆడకపోతే పురుగు చస్తుంది. వారానికి రెండుసార్లు, కనీసం నెల రోజులు రాయాలి. మిగతా మూడింటికీ ఏమీ లేకపోయినా రాశాను.

34వ రోజు

నాలుగింటినీ పెద్ద దొడ్డిలోకి మార్చాను. పుంజు మొదటి పది నిమిషాలు ఎటూ కదలకుండా నిలబడింది. తర్వాత ఒక రెక్క నేలకు రాస్తూ ఎరుపు చుట్టూ తిరిగింది. దీని తురాయి ఒంటికి మించినంత పెద్దది. అది ఊగుతుంటే చూస్తూ అక్కడే నిలబడిపోయాను.

తోక కింద, గుదం చుట్టూ దట్టంగా ఉన్న ఈకలను పుంజుకీ పెట్టలకీ కత్తిరించాను. ఈకలు అడ్డం వస్తే జతకట్టినా గుడ్డు కట్టదు, అంటే పిల్ల కాగలిగే గుడ్డు రాదు. ఇంత పొట్టి పుంజుకి ఈ పని తప్పనిసరి.

52వ రోజు

20 గుడ్లు పోగయ్యాయి. మొత్తం 592 గ్రాములు, అంటే ఒక్కోటి సగటున 30 గ్రాములకు కాస్త తక్కువ. 7 రోజులకు మించి ఏ గుడ్డునూ నిల్వ ఉంచలేదు. చల్లని గదిలో, దాదాపు 15 డిగ్రీల దగ్గర, సన్నని మొన కిందికి పెట్టి ఉంచాను. రోజూ ట్రేని ఒకసారి అటూ ఒకసారి ఇటూ వాల్చాను.

ఇంక్యుబేటర్‌ను రెండు రోజులు ఖాళీగా నడిపి, వేడి నిలకడగా ఉందని నమ్మకం కుదిరాకే గుడ్లు పెట్టాను. ఫ్యాన్ ఉన్న మెషీన్, 37.5 డిగ్రీలు, తేమ 45 శాతం. వేరే థర్మామీటర్ కూడా గుడ్ల మట్టానికి పెట్టాను, మెషీన్ తెర మీద చూపించే అంకెను ఒక్కదాన్నే నమ్మకూడదు.

59వ రోజు (పొదుగు 7వ రోజు)

ఈ రోజు గురించి వివరంగా రాయాలి.

ముందు తూకం. 592 గ్రాములు 551 అయ్యాయి. అంటే దాదాపు 7 శాతం తగ్గింది. 18 రోజుల్లో 12, 13 శాతం తగ్గితే గుడ్డులో గాలి గది సరిగ్గా తయారవుతుంది. ఆ లెక్కన ఈపాటికి 5 శాతం దగ్గర ఉండాలి. చిన్న గుడ్డుకి లోపలి సరుకుతో పోలిస్తే పెంకు వైశాల్యం ఎక్కువ, అందుకే నీరు తొందరగా పోతుంది. తేమను 55కి పెంచాను.

తర్వాత చీకటి గదిలో టార్చ్ పెట్టి ఒక్కో గుడ్డూ చూశాను. 13 గుడ్లలో సాలెగూడులా రక్తనాళాలు, మధ్యలో కదిలే చుక్క. 3 గుడ్లు పూర్తిగా తేటగా ఉన్నాయి, అవి అసలు కట్టనివి. మిగతా 4 గుడ్లలో సన్నని ఎర్రటి ఉంగరం కనిపించింది, నాళాలు లేవు. పిండం మొదలై ఆగిపోతే రక్తం ఇలా అంచుకు చేరి వలయంలా నిలుస్తుంది.

ఆ నాలుగింటినీ పగలగొట్టి చూశాను. నాలుగూ ఇంచుమించు ఒకే వయసులో ఆగిపోయాయి, 3 లేదా 4 రోజుల పిండాలు. వేడి ఎక్కడో తేడా చేసిందని అనుకున్నాను. రాత్రంతా అదే టెన్షన్. థర్మామీటర్ రాసిన అంకెలన్నీ తీసి చూస్తే 37.4 కిందికీ 37.7 పైకీ ఎప్పుడూ పోలేదు.

60వ రోజు

కోళ్లు ఇచ్చిన అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, నాలుగు గుడ్లు నాలుగో రోజుకే పోయాయి. మెషీన్ మార్చాలంటావా?"

"మెషీన్ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. పొట్టిదానికి పొట్టిదే జత కట్టించావా?"

"నువ్విచ్చినవి అన్నీ పొట్టివే కదన్నా."

"నువ్వు పొట్టివే కావాలన్నావు. నా దగ్గర పొడుగు కాళ్ల పెట్టలు రెండున్నాయి, కావాలంటే తీసుకెళ్లు. గుడ్లెన్ని కట్టాయి?"

"పదిహేడు."

"పదిహేడులో నాలుగు. లెక్క సరిపోయిందిలే."

ఫోన్ పెట్టేశాక చదవడం మొదలుపెట్టాను. పొట్టి కాళ్ల కోళ్లను శాస్త్రవేత్తలు క్రీపర్ కోళ్లంటారు. 1930లోనే వాల్టర్ లాండాయర్, ఎల్.సి. డన్ ఈ లక్షణం వంశపారంపర్యంగా ఎలా వస్తుందో అధ్యయనం చేసి ప్రచురించారు. 2016లో వచ్చిన పరిశోధనలో అసలు కారణం బయటపడింది. 7వ క్రోమోజోమ్‌లో ఇండియన్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు ఉన్న ముక్క ఊడిపోయి ఉండడమే ఈ పొట్టితనం. ఎముకలు పొడవు పెరగడానికి ఆ జన్యువు కావాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాల్సిన రెండు ప్రతుల్లో ఒకటి లేకపోతే కాళ్లు పొట్టివవుతాయి. రెండూ లేకపోతే పిండం మొదటి కొద్ది రోజుల్లోనే ఆగిపోతుంది.

అంటే బతికి తిరుగుతున్న ప్రతి పొట్టి కోడిలోనూ ఒక ప్రతి ఉంది, ఒకటి లేదు. పొట్టిదాన్ని పొట్టిదానికి జత చేస్తే నాలుగు గుడ్లకు ఒకటి చచ్చిపోయేదే. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. నేను వేడినీ తేమనూ ఎంత సరిచేసినా ఆ నాలుగో గుడ్డు బతకదు.

72వ రోజు

18వ రోజు తూకంలో మిగిలిన 13 గుడ్లు 386 నుంచి 336 గ్రాములకు వచ్చాయి, 13 శాతం తగ్గుదల. పెంచిన తేమ పని చేసింది. తిప్పడం ఆపేసి తేమ 68కి పెంచాను. 19వ రోజు సాయంత్రం మొదటి గుడ్డు చిట్లింది. పెద్ద కోళ్ల గుడ్లకు 21 రోజులని అందరికీ తెలుసు, ఈ చిన్న గుడ్లు ఒక రోజు ముందే మొదలెట్టాయి.

20వ రోజంతా మెషీన్ పక్కనే కూర్చున్నాను. ఒక గుడ్డు చిట్లి 14 గంటలైనా కదలిక లేదు. చేయి పెట్టాలనిపించింది గానీ పెట్టలేదు. మూత తీస్తే తేమ పడిపోయి, లోపలి పొర ఎండి, మిగతా పిల్లలకు కూడా అతుక్కుంటుంది. 17వ గంటకు అది తనంతట తానే పెంకు చుట్టూ కోసుకుంటూ వచ్చింది.

మొత్తం 11 పిల్లలు. రెండు గుడ్లలో పిల్లలు పూర్తిగా పెరిగి, గాలి గదిలోకి ముక్కు పెట్టకుండానే చనిపోయాయి. తడి ఆరాక పిల్లల్ని పక్కపక్కన నిలబెడితే మొదటి రోజే తేడా తెలిసిపోయింది. 7 పొట్టివి, 4 పొడుగువి.

75వ రోజు

ఒక పిల్ల పోయింది. నీళ్ల గిన్నె అంచు లోతు తక్కువేనని గులకరాళ్లు సగమే వేశాను. పొట్టి కాళ్ల పిల్ల పడితే లేవలేదు. తప్పు పూర్తిగా నాదే. ఇప్పుడు గిన్నెలో రాళ్ల మధ్య ముక్కు పట్టేంత సందు మాత్రమే ఉంది.

బ్రూడర్‌లో (పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె) మొదటి వారం 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తాను. దీపం ఒక మూలనే పెట్టాను, వేడెక్కువైతే పిల్లలు దూరం జరగడానికి చోటుండాలి. అన్నీ దీపం కింద ముద్దగా చేరితే చలి, గోడలకు చేరి రెక్కలు వేలాడేస్తే వేడి. థర్మామీటర్ కంటే ముందు పిల్లలే చెబుతాయి. దాణాను మిక్సీలో ఒక తిప్పు తిప్పి ఇంకా సన్నగా చేశాను, మామూలు స్టార్టర్ గింజ వీటి ముక్కుకు పెద్దది.

మారెక్స్ అనే వైరస్ జబ్బుకు టీకా మొదటి రోజే మెడ వెనక చర్మం కింద వేశాను. 1000 పిల్లలకు సరిపోయే సీసా, కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి. 11 పిల్లల కోసం సీసా అంతా పోయినా ఫర్వాలేదు. మారెక్స్ వచ్చాక మందు లేదు. కొక్కెర తెగులుకు కంటి చుక్క 7వ రోజున వేయాలి.

77వ రోజు

పసుపు పొదుగుకు వచ్చింది. గూట్లోంచి లేవడం లేదు, చేయి పెడితే ఒళ్లంతా ఉబ్బించి గుర్రుమంటోంది. ఇదే సమయమనుకున్నాను. దాని కింద 7 గుడ్లు పెట్టాను, అవే పొట్టి కోళ్ల గుడ్లు. ఇంతకంటే ఎక్కువైతే దాని ఒంటి కింద పట్టవు. మెషీన్‌లో పోయినవి మెషీన్ వల్ల పోయాయా కాదా అని తేల్చుకోవడానికి ఇదొక దారి. కోడి కింద వేడికి వంక పెట్టలేం కదా.

ఈలోపు పొడుగు కాళ్ల పెట్టలు రెండూ వచ్చాయి. క్వారంటైన్‌లో పెట్టాను. పెట్ట కడుపులో పాత పుంజు విత్తనం రెండు, మూడు వారాల దాకా బతికి ఉంటుంది. ఆ 30 రోజుల్లో ఆ సమస్య కూడా తీరిపోతుంది.

98వ రోజు

పసుపు రోజుకొక్కసారే లేచింది. పెద్ద రెట్ట వేసి, ఆత్రంగా తిని, మట్టిలో పొర్లి, పావుగంటలో వెనక్కి పోయింది. 20 రోజులూ అంతే. 7వ రోజు రాత్రి గుడ్లు చూశాను. ఒకటి కట్టనిది, రెండింటిలో ఎర్ర ఉంగరం. మిగతా 4 గుడ్లూ పిల్లలయ్యాయి, 3 పొట్టివి, ఒకటి పొడుగుది.

ఏడు గుడ్లతో ఏదీ రుజువు కాదు. కానీ రెండు పొదుగులూ కలిపితే కట్టిన గుడ్లు 23, మొదటి నాలుగు రోజుల్లో పోయినవి 6. నాలుగో వంతుకు ఇంత దగ్గరగా వచ్చాక మెషీన్‌ను అనుమానించడం మానేశాను.

పిల్లల్ని పెంచడంలో మాత్రం పసుపుకి నేను ఏ రకంగానూ సాటిరాను. పిల్ల వెనకబడితే ఆగుతుంది. గింజ చూపించి ముక్కుతో కిందపెడుతుంది. దాని కాళ్లు ఎంత పొట్టివంటే పిల్లలు కిందికి దూరడానికి అది రెక్కలు ఎత్తి కాస్త పక్కకు ఒరగాలి. ప్రతిసారీ ఒరుగుతోంది.

104వ రోజు

మొదటి పిల్లల రెట్టలో రక్తం కనిపించింది. నాలుగున్నర వారాల వయసు, పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే కాక్సీడియోసిస్‌కు సరిగ్గా ఇదే అదను. వెంటనే నీళ్లలో ఆంప్రోలియం మొదలుపెట్టాను. ఆ మందు బి1 విటమిన్‌లా నటించి పరాన్నజీవికి ఆ విటమిన్ అందకుండా చేస్తుంది. అందుకే మందు ఇస్తున్నన్ని రోజులూ విటమిన్ చుక్కలు ఆపేశాను, రెండూ కలిపి ఇస్తే మందు పని చేయదు. పొట్టు మొత్తం తీసేసి కొత్తది వేశాను. మూడో రోజుకి పిల్లలు తేరుకున్నాయి. 10కి 10 ఉన్నాయి.

140వ రోజు

పొట్టి పుంజు, పొడుగు పెట్టలు. మొదట్లో ఎత్తు తేడా వల్ల జతకట్టడం కుదరదేమోనని భయపడ్డాను. పెట్ట నేలకు ఒదిగి కూర్చుంటుంది కాబట్టి ఇబ్బంది రాలేదు. 18 గుడ్లు మెషీన్‌లో పెట్టాను. తేమ మొదటి నుంచీ 52.

పెట్టే ముందు లెక్క వేసి డైరీలో రాసుకున్నాను. చాలాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాను.

కట్టిన గుడ్లు 16 అనుకుందాం. పొట్టికి పొట్టి జత చేస్తే 4 చచ్చిపోతాయి, 8 పొట్టివి, 4 పొడుగువి. పొట్టికి పొడుగు జత చేస్తే 8 పొట్టివి, 8 పొడుగువి, చచ్చేవి లేవు. రెండు వైపులా పొట్టివి ఎనిమిదే. పొట్టి పిల్లలు ఎక్కువ రావాలనే కదా నేను మొదట్లో అన్నీ పొట్టివే కావాలని అడిగాను. అలా చేస్తే పొట్టివి ఒక్కటి కూడా ఎక్కువ రావు. బతకాల్సిన నాలుగు పొడుగు పిల్లల చోట నాలుగు చచ్చిన పిండాలు వస్తాయి, అంతే తేడా.

ఇది మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

147వ రోజు

18లో 2 కట్టనివి. 16 కట్టాయి. ఎర్ర ఉంగరం ఒక్కదానిలోనే. మిగతా 15 గుడ్లలో నాళాలు నిండుగా ఉన్నాయి. ఒక్కో గుడ్డూ తీసి టార్చ్ మీద పెట్టి, మళ్లీ ట్రేలో పెడుతుంటే చేతులు వణికాయి.

160వ రోజు

14 పిల్లలు లేచాయి. ఒకటి పెంకులోనే చివరి రోజున పోయింది. 6 పొట్టివి, 8 పొడుగువి.

చాలామంది పొడుగు పిల్లల్ని పనికిరానివని పక్కన పెట్టేస్తారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. వాటిలో పొట్టితనం దాగి ఉండదు, పొడుగుకి పొడుగు జత చేస్తే పొట్టిది ఎప్పటికీ రాదు. కానీ తోక నిలువు, తురాయి ఆకారం, రంగు, ఒంటి బిగువు ఇవన్నీ వేరే జన్యువుల పని. మంచి తోక ఉన్న పొడుగు పెట్ట, పొట్టి పుంజుకి సగం పిల్లల్ని పొట్టివిగానే ఇస్తుంది, తోక కూడా ఇస్తుంది. ఇక నుంచి నా దొడ్డిలో పొడుగు పెట్టలకు ఎప్పుడూ చోటు ఉంటుంది.

215వ రోజు

మొదటి పొదుగు పిల్లలకు ఇరవై వారాలు దాటాయి. పొట్టివాటిలో రెండు మరీ పొట్టివి. నిలబడితే కాళ్లే కనిపించవు. చూసినవాళ్లందరూ ముందు వాటినే చూపిస్తారు. కానీ అవి 20 సెంటీమీటర్ల దండెం ఎక్కడానికి మూడు నాలుగుసార్లు ప్రయత్నిస్తాయి, వాన తర్వాత వాటి పొట్ట కింద ఈకలే అన్నిటికంటే ఆలస్యంగా ఆరతాయి. పిల్లల కోసం వాటిని వాడకూడదని నిర్ణయించుకున్నాను. హాయిగా బతుకుతాయి, దొడ్డిలోనే ఉంటాయి. ముందుకు తీసుకెళ్లేది ఒక్క ఎగురుకు దండెం ఎక్కేవాటినే. పొట్టితనానికి అంతకంటే కింద గీత గీయడం నాకిష్టం లేదు.

పొడుగు పెట్టల్లో ఒకదానికి తోక తండ్రి తోకలా తలకంటే పైకి లేచింది. దానికి తెలుపు రింగు వేశాను. ఇది ఆ పుంజు కూతురే కాబట్టి దానికి జత చేయను. వేరే రక్తం పుంజు కోసం అన్నకు చెప్పి ఉంచాను.

330వ రోజు

మూడో పొదుగులో పుట్టిన పొడుగు కాళ్ల కుర్రపుంజుకి అయిదున్నర నెలలు నిండాయి. వారం నుంచి గొంతు పూర్తిగా విప్పి కూస్తోంది. 720 గ్రాములు. తండ్రి తురాయి, తల్లి నడక. ఎరుపు పెట్టకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఈసారి జతను తిరగేసి, పొడుగు పుంజు, పొట్టి పెట్టతో చూడాలని ఉంది.

ఈ ఉదయం ఎరుపును పాత దొడ్డిలోంచి తీశాను. కత్తెరతో తోక కింద ఈకలు మళ్లీ సర్ది, కాళ్లకు జెల్లీ రాసి, కుర్రపుంజు దొడ్డిలో వదిలాను. అది ఒక రెక్క నేలకు రాస్తూ ఎరుపు చుట్టూ తిరిగింది, అచ్చం వాళ్ల నాన్నలా. ఎరుపు పట్టించుకోకుండా మట్టిలో గుంత తవ్వుకుని పొర్లుతోంది. దాని గుడ్ల మీద ఇంకో మూడు వారాల దాకా పెన్సిల్‌తో తేదీ రాయను. పాత పుంజు విత్తనం పూర్తిగా పోవాలి.